గంప కింద నీడ

ఆడపిల్లలు తీజ్ పండక్కి గోధుమ మొలకలు పెంచిన బుట్టలు చెరువులో కలిపిన మూడో వారానికి పిట్టలు దిగుతాయి. కోదాడ నుంచి మేళ్లచెరువు పోయే దారిలో, సాగర్ కాలువ వంతెన దాటి ఎడమకు తిరిగితే ఒక తండా వస్తుంది. అక్కడ ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క. వచ్చేవి ఉల్లంకి పిట్టలు. పిడికెడు ఒళ్లు, పొడుగు ముక్కు, చీపురు పుల్లల్లాంటి కాళ్లు. మంచు కురిసే దేశాల నుంచి వస్తాయని బడిపంతులు చెప్పేవాడు. చెరువు కింద రెండెకరాల చౌడు నేల ఉంది. అందులో రెండు రోజులు పురుగులు ఏరుకొని తింటాయి. మూడో రోజు పొద్దున, ఎండ పల్చగా పడి నీడలు పొడుగ్గా సాగిన వేళ, తమ నీడల్ని ఆ నేల మీద దించి సముద్రం దిక్కు ఎగిరిపోతాయి. నీళ్ల మీద ఎగిరితే నీడ తడిసి బరువెక్కుతుందట. మళ్లీ ఫాల్గుణంలో, మోదుగు పూలు రాలే రోజుల్లో తిరిగి వచ్చి, దేని నీడను అది ఎత్తుకొని ఉత్తరానికి పోతుంది.

ఆ ఆరు నెలలు ఆ రెండెకరాల్లో నాగలి పెట్టరు, మేకల్ని తోలరు. ఇంటికొకరు చొప్పున వంతులవారీగా కావలి కూర్చుంటారు. పెద్ద పనేమీ కాదు. కంచెకు కంప సర్దాలి, కుక్కల్ని అదిలించాలి, పిట్టలున్న రోజుల్లో పిట్టల్ని, పోయాక వాటి నీడల్ని చూస్తూ ఉండాలి. ఒక్కటే కట్టుబాటు: నీడ మీద ఏదీ కప్పకూడదు. కప్పిన నీడను పిట్ట కనుక్కోలేదు. పైన తిరిగి తిరిగి, కింద చెరువు కనపడుతున్నా ఇది ఆ చెరువు కాదనుకొని, ఎటో పోతుంది. ఆటకని నీడ మీద గిన్నె బోర్లించిన పిల్లలకు ఆ తండాలో చీపురు దెబ్బలు ఖాయం. శాంతాబాయి పుట్టిల్లు వేరే తండా అయినా, ఆరేళ్లప్పుడు ఇక్కడికి చుట్టంగా వచ్చి ఒకసారి తింది. కాబట్టి తెలియక చేసిందని అనడానికి లేదు.

శాంతాబాయి మొగుడు లింగ్యాకు పిట్టలంటే పిచ్చి. తన వంతే కాకుండా పక్కింటి వాళ్ల వంతు కూడా అతనే కూర్చునేవాడు. తొంభై రెండో సంవత్సరంలో బందరు దిక్కు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. అక్కడ సముద్రం పక్కన పొలాలన్నీ రొయ్యల చెరువులుగా తవ్వుతున్నారట. రొయ్య పిల్లల్ని పిట్టలు తినిపోతున్నాయి, వాటిని తోలే మనుషులు కావాలన్నాడు. కాకపోతే మనిషి నీడ నీళ్ల మీద పడితే రొయ్య బెదిరి మేత ముట్టదు. నీడ దించి రాగలిగిన వాళ్లే కావాలి. అలాంటి వాళ్లు చుట్టుపక్కల ఈ తండాలోనే ఉన్నారు. చిన్నప్పటి నుంచి పిట్టల్ని చూసి చూసి వీళ్లకు ఆ పని వచ్చింది. పొద్దున నీడ పొడుగ్గా పడ్డప్పుడు గోడ వారన నిలబడి, ఊపిరి బిగబట్టి, పక్కకు ఒక్క అడుగు వేయాలి. నీడ అక్కడే ఉంటుంది. మనిషి బస్సెక్కొచ్చు.

మొదటి సారి నలుగురు పోయారు. ఉప్పు నీళ్లకు కాళ్లు పాసిపోయాయని ముగ్గురు మళ్లీ పోలేదు. లింగ్యా మాత్రం పోయాడు. పిట్టల వెనకాలే పోయి, ఫాల్గుణంలో పిట్టల వెనకాలే తిరిగి వచ్చి, గోడ వారన తన నీడ ఎత్తుకొని, ఆరు నెలలు ఇంట్లో ఉండేవాడు. పెళ్లయి నాలుగేళ్లు, అందులో ఏడాది కాలం శాంతాబాయి గోడ పక్కన నీడకు కాపలా ఉంది.

మూడో ఏడు ఆమె వద్దంది.

"పిట్టలను తోలుతందుకు పోతున్నవా, పిట్టలతోని కాపురం చేస్తందుకు పోతున్నవా?"

"గాడ ఒక్కసారి సూడాలె శాంతా. సముద్రం మీదికెళ్లి పొద్దుగాల్ల గుంపు లేస్తె..."

"నీ గుంపు పాడుగాను! నువ్వు మనిషివైతె పెండ్లాం కాడ ఉండు. పిట్టవైతె పో."

లింగ్యా కొట్లాటలో మాటలు వెతుక్కునే రకం కాదు. నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు పొద్దున పిట్టలు నీడలు దించిన వేళకే తనూ దించి, సంచి భుజాన వేసుకొని వంతెన దిక్కు నడిచాడు. అతను మలుపు తిరిగే దాకా శాంతాబాయి చూసింది. తర్వాత లోపలికి పోయి కోళ్ల గంప తెచ్చి నీడ మీద బోర్లించింది.

వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న ఆమె అత్త ద్వాళి తలెత్తింది.

"ఏందే అది?"

"ఎండ తగుల్తది అత్తా."

"నీడకు ఎండ తగులుడేందే? నెత్తి గిట్ల తిరిగిందా?"

"కోళ్లు గెలుకుతున్నయ్."

"కోళ్ల గంప నీడ మీద పెట్టి, కోళ్లను బయటికి ఇడిసి, కోళ్లు గెలుకుతున్నయంటున్నవ్." ద్వాళి చింతపండు పక్కన పెట్టింది. "కప్పొద్దంటరు బిడ్డా."

"పిట్టలకు నోరు లేదు గద. ఈయనకున్నది. వస్తడు, నా నీడేదే అని అడుగుతడు. అప్పుడు చెప్త."

ఏం చెప్పాలో కూడా శాంతాబాయి సిద్ధం చేసి పెట్టుకుంది. ఇక పోనని మాటిస్తేనే గంప ఎత్తాలి. కొట్లాడితే వినని మనిషి, కాలు కదలకపోతే వింటాడు. ఆరు నెలలు ఆ గంప చుట్టూ ఊడ్చింది, చల్లింది, ముగ్గు పెట్టింది. ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు.

ఫాల్గుణంలో పిట్టలు వచ్చాయి. నీడలు ఎత్తుకొని పోయాయి. లింగ్యా రాలేదు. ఉగాది పోయింది. చౌడు నేలలో మేకల్ని వదిలారు. లింగ్యా రాలేదు.

చైత్రం చివర్లో సైదులు వచ్చాడు. సైదులు సిమెంటు లారీ నడుపుతాడు, లింగ్యాతో కలిసి బడికి పోయినవాడు. లారీని వంతెన దగ్గర ఆపి నడిచి వచ్చాడు. వచ్చినవాడు నీళ్లు కూడా అడగకుండా ముందు ఇంట్లోకి తొంగి చూశాడు.

"లింగన్న వచ్చిండా వదినా?"

"రాలే."

సైదులు అరుగు మీద కూలబడ్డాడు.

"ఇరవై రోజుల కింద కోదాడ బస్టాండుల కనపడ్డడు. నన్ను సూసి, 'అన్నా, తండాకు ఏ దారి' అన్నడు. పరాచికమాడుతుండనుకున్న. 'నీ అత్తగారింటి దారి యాదికుండి నీ ఇంటి దారి మర్సినవా' అని నవ్విన. ఆయన నవ్వలే. లారీ ఎక్కించుకున్న. వంతెన కాడ దించిన. గీ దిక్కే సూసిండు వదినా, గీ ఇల్లునే. 'ఇది కాదన్నా' అన్నడు. 'మీ అమ్మ గా వాకిట్ల కూసున్నది గదా' అన్న. 'ఎవరో ముసలామె' అన్నడు."

 ద్వాళి అంది.

"ఆ రోజు నేను సూసిన. వంతెన మీద ఎవరో నిలబడ్డడు. నా కండ్లు ఆనలే. కాలువ తూములు సూసే లష్కరు అనుకున్న."

"నువ్వేం జేసినవ్ సైదులూ?" అంది శాంతాబాయి.

"లోడున్నది వదినా, ఏం జేస్త? ఈడనే ఉండమని పోయిన. మర్నాడొచ్చేసరికి లేడు, ఇంటికే పోయిండనుకున్న. నిన్న బస్టాండుల చాయ్ హోటలాయన చెప్పిండు. నాలుగు రోజులు వచ్చిన ప్రతి బస్సు బోర్డు సదివిండట. ఆఖరికి బందర్ బస్సు ఎక్కిండట. ఆ ఒక్క పేరు తెలిసినట్టున్నదని ఎక్కిండట."

శాంతాబాయి లేచి గోడ దగ్గరికి పోయి గంప ఎత్తింది.

నీడ అక్కడే ఉంది. కాని నల్లగా లేదు, ఉతికి ఉతికి వెలిసిన బట్టలా ఉంది. దాని నిండా గంప అల్లిక గుర్తులు పడ్డాయి. అంతకు ముందు రెండేళ్లు ఆ నీడ గాలి వీస్తే అంచులు కదిలేది, లింగ్యా అక్కడ చెయ్యెత్తితే ఇక్కడ చెయ్యెత్తేది. ఇప్పుడు పడి ఉంది, అంతే. శాంతాబాయి గంపను పొయ్యి దగ్గరికి తీసుకుపోయి విరిచి పొయ్యిలో పెట్టింది. ద్వాళి ఆ మంట మీదే ఎసరు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

వెంటనే పోదామంటే పోవడానికి చోటు లేదు. ఎండాకాలం రొయ్యల చెరువులు ఎండగడతారు, మనుషులు చెల్లాచెదురైపోతారు. మేస్త్రీ ఏ ఊరివాడో మొదటిసారి అతనితో పోయిన ముగ్గురికీ తెలియదు. వానలు పడి, చెరువులకు నీళ్లు పెట్టి, పిట్టలు దిగితే తప్ప లింగ్యా ఒకచోట దొరకడు. శాంతాబాయి వర్షాకాలమంతా నాట్లకు పోయింది, వచ్చింది. తీజ్ బుట్టలు కలిపారు. మూడో వారం పిట్టలు దిగాయి. ఆ రెండు రోజులూ ఆమే కావలి కూర్చుంది. మూడో రోజు పొద్దున అవి నీడలు దించి లేచాయి. అవి ఎటు పోయాయో చూసుకొని, ఆమె కోదాడ పోయి బందరు బస్సెక్కింది.

బందరు దాటాక సముద్రం కనపడదు, వినపడుతుంది. కంటికి ఆనినంత మేర గట్లు, గట్ల మధ్య నీళ్లు. ఒక్క చెట్టు లేదు. శాంతాబాయి ఆ గట్ల మీద ఒక రోజంతా తిరిగింది. మనుషుల్ని అడగడం మానేసి ఆకాశాన్ని చూస్తూ నడిచింది. రెండో రోజు పొద్దున ఉల్లంకి పిట్టల గుంపు ఒకటి ఆమె నెత్తి మీదుగా పోయింది. నేల మీద ఏమీ పడలేదు. ఆమె దాని వెనకాల నడిచింది.

"ఏవమ్మోయ్! గట్టు దిగు, గట్టు దిగు!" అవతలి ఒడ్డు నుంచి ఒకాయన గొడుగు ఊపుతూ అరిచాడు. "నీడేసేస్తున్నావు, రొయ్యలు బెదిరిపోతాయ్! ఎవరు కావాలి?"

"లింగ్యా!"

"పిట్టల లింగ్యాయా? ఆ పాక దగ్గరున్నాడు చూడు. డబ్బా కొట్టమని జీతమిస్తుంటే పిట్టలకి కథలు చెబుతాడు. మాట్లాడి పంపించెయ్యి, గట్టు మీద మాత్రం నిలబడకు."

తాటాకు పాక ముందు లింగ్యా కూర్చొని ఉన్నాడు. ఒళ్లో డబ్బా, చేతిలో కర్ర. చిక్కాడు, ఎండకు నల్లబడ్డాడు. ఆమెను చూసి లేచి, తను కూర్చున్న గోనెపట్ట దులిపి ఆమెకు వేశాడు.

"కూసో అమ్మా. నీళ్లు తాగుతవా? మన దిక్కు మనిషి లెక్కున్నవ్. ఎవరి కోసం వచ్చినవ్?"

శాంతాబాయి నీళ్లు తాగింది. "మా ఆయన కోసం."

"పేరేంది?"

"లింగ్యా."

"నా పేరే!" సంబరంగా నవ్వాడు. "ఇంకో లింగ్యా ఉన్నడేమో అడుగుదాం. అవతలి చెరువుల మీద మనోళ్లు శానమంది ఉన్నరు. పరేషాన్ కాకు, దొరుకుతడు."

తర్వాత పిట్టల్ని చూపించాడు. నీళ్ల అంచున బురదలో ముక్కులు గుచ్చుతూ అవి పరుగెడుతున్నాయి. "సూడు, నీడ లేదు వాటికి. ఎక్కడో దించి వచ్చినయ్. ఒక చెరువుంటది, దాని కింద చౌడు భూమి ఉంటది. నేనెరుగుదు. ఎక్కడన్నది మాత్రం యాదికొస్తలేదు. బస్సెక్కి దేవులాడిన కూడ."

"ఇల్లు లేదా నీకు?"

"ఉండాలె గద. అందరికి ఉంటది."

ఆమెకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచింది. పొద్దు ఆమె వెనక ఉంది. ఆమె నీడ పాక దాకా సాగి, కూర్చున్న లింగ్యా కాళ్ల నుంచి తల దాకా పడింది. లింగ్యా తలెత్తాడు.

"శాంతా! ఎప్పుడొచ్చినవే? అన్నం తిన్నవా?"

ఆమె ఒక్క దూకున పోయి అతని చెయ్యి పట్టుకుంది. నీడ పక్కకు జారింది. లింగ్యా తన చేతిని, నొప్పించకుండా, మెల్లగా వెనక్కు తీసుకున్నాడు.

"ఏమైందమ్మా? కండ్లు తిరిగినయా? నీడకు కూసో."

శాంతాబాయి అతని మొహం చూసింది, నేల చూసింది. నాలుగడుగులు వెనక్కు పోయి ముందు నిలబడ్డ చోటే నిలబడింది.

"యాడి కాలు నొప్పి తగ్గిందా?" తల్లి సంగతి అడిగాడు లింగ్యా. "నేను బయలెల్లే ముంగట వాకిట్ల జారిపడ్డది గద."

"తగ్గింది," అంది శాంతాబాయి. అవతలి ఒడ్డున గొడుగాయన మళ్లీ అరవడం మొదలుపెట్టాడు.

బస్సు పనికిరాలేదు. బస్సులో ఎవరి నీడ ఎవరి మీద పడుతుందో చెప్పలేం. పామర్రు రాకముందే లింగ్యా లేచి, "ఇది మా దారి కాదు" అని కండక్టరుకు దండం పెట్టి దిగిపోయాడు. ఆమె కూడా దిగింది. అక్కడి నుంచి నడిచారు. పొద్దున పూట ఎండ వెనక నుంచి కొడుతుంది, నీడ ముందు పడుతుంది. కాబట్టి అతను ముందు, ఆమె వెనక. సాయంత్రం ఎండ ఎదురు, నీడ వెనక. అప్పుడు ఆమె ముందు, అతను వెనక. ముందు నడిచేటప్పుడు అతను ఉన్నాడో లేడో తెలియక ఆమె మాట్లాడిస్తూ నడిచేది. మధ్యాహ్నం నీడ కాళ్ల కిందికి పోతుంది. అప్పుడు చెట్టు కింద కూర్చునేవాళ్లు. చెట్టు నీడలో లింగ్యాకు ఆకులు తప్ప ఏమీ పట్టేవి కావు. చీకటి పడితే ఏ ఊళ్లో అరుగు దొరికితే అక్కడ పడుకొనేవాళ్లు. ఆమె తన కొంగు అతని మణికట్టుకు కట్టుకునేది. పొద్దున అతను ముడి విప్పి, దూరంగా జరిగి, ఆమె లేచే దాకా మర్యాదగా కూర్చునేవాడు. పిట్టలు నీడలు దించే చోటు చూపిస్తానని ఆమె మాటిచ్చింది మరి. ఆ మాట పట్టుకొని వస్తున్నాడు.

బెజవాడ దాటి నందిగామ చేరేలోగా ఒక పొద్దున ఆమె చెప్పేసింది.

"నీ నీడ మీద గంప కప్పిన."

లింగ్యా వెనక్కు తిరగలేదు. తిరిగితే అడుగు తప్పుతుందని అతనికీ తెలుసు. "ఎందుకు?"

"మళ్ల పోవద్దని."

ఒక మైలు రాయి దాటారు. ఎడ్లబండి ఒకటి ఎదురుగా వచ్చి పోయింది.

"అడిగితె ఉంటుంటి గద," అన్నాడు.

"అడిగిన."

"అడగలే. తిట్టినవ్."

 అతను ఇంకాసేపు నడిచి, "నేను సుత ఉంటనని అనలే. నవ్విన," అన్నాడు. ఆ తర్వాత ఆ ముచ్చట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. మబ్బు పట్టిన రెండు రోజులు నడక ఆగింది. మొత్తం పద్నాలుగు రోజులు పట్టింది. పద్నాలుగో రోజు పొద్దున సాగర్ కాలువ వంతెన మీద, ఆమె నీడ తల మీద అడుగులు వేసుకుంటూ లింగ్యా ఇవతలికి వచ్చాడు.

గోడ వారన నీడ ఉంది. శాంతాబాయి అతన్ని అక్కడ నిలబెట్టింది, నీడ దించిన వేళకే, దించిన చోటే. అతను అందులోకి అడుగు పెట్టాడు. బయటికి వేశాడు. నీడ రాలేదు. ఏడు పొద్దులు అలా నిలబెట్టింది. నీడ ఒక్క వేలు కూడా ఎత్తలేదు. ఎనిమిదో రోజు తుఫాను వాన పట్టింది. ఎత్తుకోని పిట్ట నీడలు ఎలా ఇంకిపోతాయో అలా అది నేలలోకి ఇంకిపోయింది. వాన వెలిసేసరికి అక్కడ మనిషి పొడుగు నల్లమన్ను మిగిలింది. శాంతాబాయి దాని మీద అలికింది.

ద్వాళి కూడా ప్రయత్నం చేయకపోలేదు. పొద్దున్నే కర్ర పట్టుకొని వచ్చి కొడుకు ముందు నిలబడింది. ఆమె వంగిన నీడ అతని మీద పడింది. "యాడీ, ఆకలైతుంది," అన్నాడు లింగ్యా. ద్వాళి ఏడ్చింది. శాంతాబాయి కంచంలో అన్నం తెచ్చి పెట్టింది. "ఈమె ఎవరు యాడీ?" అన్నాడు. తల్లి నీడలో అతనికి ఇంకా పెళ్లి కాలేదు. సైదులు వచ్చి నిలబడితే బీడీ అడిగి, బడిపంతులు సైకిల్ టైరులో గాలి తీసిన సంగతి చెప్పి పడీ పడీ నవ్వాడు. ఎవరి నీడలో వాళ్ల లింగ్యానే ఉన్నాడు. ఏ నీడా పడనప్పుడు అతను పిట్టల కోసం వచ్చిన మనిషి. నెమ్మదస్తుడు, అడక్కుండానే కట్టెలు కొట్టి పెడతాడు, వాకిట్లో ఒక పక్కన పడుకుంటాడు. తండాలో అందరూ దానికి అలవాటు పడ్డారు. వదినా, నీడ మర్లింది, జర ఎడమకు జరుగు అని చెప్పిపోయేవాళ్లు.

శాంతాబాయి దూరం నాట్లకు పోవడం మానేసింది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. అన్నం అతనికి పొద్దున్నే పెట్టేది, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, తను నిలబడి. తను మాత్రం తర్వాత తినేది. కూర్చుంటే నీడ చాలదు. చెప్పుకోవాల్సినవి ఏవైనా ఉంటే పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. అతన్ని ఎక్కడికీ పోకుండా చేయాలని గంప కప్పిన మనిషికి, అతను ఇక ఎక్కడికీ పోడని తెలిసింది. ఆమె కూడా ఇక ఎక్కడికీ పోలేదు.

మరుసటి ఏడు తీజ్ అయిన మూడో వారం పిట్టలు దిగాయి. వాటితో పాటే ముసురు దిగింది. మూడో రోజు పోవాల్సినవి, ఎండ లేక, నీడ పడక, దించడానికి వీల్లేక ఆగిపోయాయి. నాలుగో రోజూ ఆగాయి. తడిసిన రెక్కలతో చౌడు నేలంతా పరుచుకొని, ఒంటికాలు మీద నిలబడి, మబ్బు దిక్కు చూస్తున్నాయి. కావలి శాంతాబాయి వంతు. గోనెపట్ట కప్పుకొని గట్టు మీద కూర్చుంది. కాసేపటికి లింగ్యా వచ్చి, ఆమెకు రెండు బారల దూరంలో కూర్చున్నాడు.

"ఆగిపోయినయేందమ్మా?"

"ఎండ కోసం."

"రెక్కలు గుంజుతుంటయ్ పాపం. పోవాలని ఉంటది, పోరాదు." అతను కాసేపు వాటిని చూశాడు. ఒక పిట్ట లేచి, నేల మీద ఏమీ కనపడక, మళ్లీ దిగింది. "నాలుగు దినాల సంది సూస్తున్న, మీ ఆయన కనపడ్తలేడు. ఊరికి పోయిండా?"

శాంతాబాయి పడమటి దిక్కు చూసింది. మబ్బు ఒక్క చోట కూడా పలచబడలేదు.

"వస్తడు," అంది. "ముసురు ఇడువంగనే వస్తడు."

"అట్లనా. మరి తడుసుకుంట ఈడ కూసున్నవేంది?" లింగ్యా తన గోనెపట్ట విప్పి ఆమె దిక్కు చాపాడు. "పిట్టలను నేను సూస్త. నువ్వు పోయి ఆయనకింత ఉడుకుడుకు అన్నం వండు. వచ్చేసరికి ఆకలి మీదుంటడు."

శాంతాబాయి గోనెపట్ట తీసుకొని ఇంటికి నడిచింది. పొయ్యి అంటించి, ఇద్దరికి సరిపోయే బియ్యం కడిగింది.